ఇంకా దారి ఎంత?

కాలినడక కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండు నెలల కిందట ఇదే శీర్షికలో ఎవరికో మోకాళ్ళ నొప్పుల గురించి జవాబు రాస్తూ, మాటల మధ్యలో "60 ఏళ్ళ వయసులో నేను పెరూలో ఇంకా దారి నడిచాను" అని ఒక ముక్క రాశాను. ప్రూఫులు చూసే అబ్బాయి ఫోన్ చేసి, "మేడమ్, ఇక్కడేదో పదం ఎగిరిపోయింది. ఇంకా దారి... ఎంత?" అన్నాడు. ఆ ఇంకా కాదు నాయనా, ఇంకాలు, కొండ మీద మాచు పిచ్చు అనే రాతి ఊరు కట్టినవాళ్ళు అని చెబుతుంటే నాకే నవ్వొచ్చింది. ఆ నాలుగు రోజులూ నా నోట్లోంచి వచ్చిన ప్రశ్న కూడా సరిగ్గా అదే మరి. ఆ ముక్క అచ్చయిన దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాల్లో సగం దాని గురించే. ఈసారి వాటికే జవాబులు.

మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వచ్చే జూన్‌లో మేం అక్కడికి వెళ్ళినప్పుడు మాచు పిచ్చుకి నాలుగు రోజుల గ్రూప్ ట్రెక్ బుక్ చేస్తానంటున్నాడు. నాకు 57. రోజూ బీపీ మాత్ర వేసుకుంటాను. గుడికీ బజారుకీ తప్ప పెద్దగా నడక లేదు. "నీవల్ల కాదు" అంటున్నారు మావారు. అందరికీ అడ్డమవుతానేమోనని నాకూ టెన్షన్‌గానే ఉంది.
– ఒక గృహిణి, కాకినాడ

అమ్మా, మీవారి మాట కాసేపు పక్కన పెట్టండి. డాక్టరు గారి మాట మాత్రం పెట్టకండి. బీపీ ఉన్నవాళ్ళు కొండలెక్కకూడదని లేదు. కానీ ఎంత అదుపులో ఉంది, ఏ మందు వాడుతున్నారు, గుండె ఎలా ఉంది అన్నవి చూసి ఆయన సరే అనాలి. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడటానికి అసిటజోలమైడ్ అని ఒక మాత్ర ఇస్తారు, డయమాక్స్ అంటే మందుల షాపు వాళ్ళకి తెలుస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. పక్కింటివాళ్ళు లద్దాఖ్ వెళ్ళొచ్చాక మిగిలాయని ఇచ్చే మాత్రలు మాత్రం వేసుకోకండి.

ఇక దారి సంగతి. కుస్కో ఊరి నుంచి తెల్లవారుజామున బస్సులో తీసుకెళ్ళి, రైలు పట్టాల పక్కన 82వ కిలోమీటరు అనే చోట దింపుతారు. అక్కడ పాస్‌పోర్టు తనిఖీ చేస్తారు. ఉరుబాంబ నది మీద వంతెన దాటితే నడక మొదలు. ఆ చోటే దాదాపు 2,700 మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి మాచు పిచ్చు దాకా 43 కిలోమీటర్లకి అటూ ఇటూ, మూడు రాత్రులు గుడారాల్లో పడక. మొదటి రోజు నది పక్కన ఎండలో, నాగజెముడు డొంకల మధ్య నడుస్తుంటే మన రాయలసీమ గుర్తొస్తుంది. భయపడాల్సింది రెండో రోజుకి.

రెండో రోజు పొద్దున్న 3,000 మీటర్ల దగ్గర లేచి, మధ్యాహ్నానికి 4,200 మీటర్ల కనుమ దాటాలి. దాని పేరు వార్మివాన్యుస్కా. అక్కడి కొండవాళ్ళ కెచువా భాషలో చనిపోయిన స్త్రీ అని అర్థం. కింది నుంచి చూస్తే ఆ కొండ గీత వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా ఉంటుందని ఆ పేరు. ఎక్కలేక ఎవరో పోయారని మా అబ్బాయి నన్ను భయపెట్టాడు గానీ అదేం లేదు. మనకి తెలిసిన లెక్కలో చెప్పాలంటే, అలిపిరి నుంచి తిరుమలకి ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. ఇక్కడ ఒక్క పూటలో 1,200. ఆంధ్రలో అన్నిటికన్నా ఎత్తైన కొండ కూడా 1,700 మీటర్లు దాటదు, ఇది 4,200. కాకినాడలో మనం పీల్చే గాలి పది పాళ్ళనుకుంటే అక్కడ దొరికేది ఆరు పాళ్ళే.

మరి నేనెలా ఎక్కాను? అందరికన్నా వెనక ఎక్కాను. మా గ్రూపులో పన్నెండు మందిమి. ఎనిమిది మంది దాటితే ఇద్దరు గైడ్లు ఉండాలి. ఒకరు ముందు నడుస్తారు, రెండోవారు అందరికన్నా వెనక ఉన్న మనిషితో నడుస్తారు. నాలుగు రోజులూ ఆ మనిషిని నేనే. మీరు అడ్డం అవడమనేది అక్కడ ఉండదమ్మా. ఎవరి నడక వాళ్ళది, మధ్యాహ్నం భోజనం దగ్గర అందరూ కలుస్తారు. మొదట్లో ఇరవై అడుగులు వేసి పది ఊపిర్లు తీసుకునేదాన్ని. పైకి వెళ్ళేకొద్దీ అది పది అడుగులు, పది ఊపిర్లు అయింది. నాతో ఉన్న చిన్న గైడు ఒక్కసారి కూడా త్వరగా రమ్మనలేదు. "పోకో ఆ పోకో" అనేవాడు, స్పానిష్‌లో కొంచెం కొంచెంగా అని. ఒక మలుపు దగ్గర నాకు కళ్ళు తిరిగినట్టయి రాతి మీద కూలబడితే, అతను పక్కన పొదలోంచి నాలుగు రెమ్మలు తుంచి నా అరచేతిలో పెట్టాడు. రెండు చేతుల మధ్య నలిపి, దోసిలి ముక్కుకి ఆనించి పీల్చమన్నాడు. మూన్యా అంటారట ఆ మొక్కని. పుదీనాలో వాము కలిపి నూరినట్టుంది వాసన. తలనొప్పి పోయిందని చెప్పను గానీ, కళ్ళు తెరుచుకున్నాయి. రెండు రెమ్మలు కొంగుకి ముడేసుకున్నాను. చీర కట్టుకున్నాననుకునేరు, కొంగంటే చున్నీ అంచు.

ఇప్పట్నుంచి మీ చేతిలో ఎన్ని నెలలుంటే అన్ని నెలలూ మెట్లెక్కండి. ఎక్కడం కన్నా దిగడం సాధన చెయ్యండి. ఊపిరి సంగతి రెండో రోజు చూసుకుంటుంది, మోకాళ్ళ సంగతి మూడో రోజు. పుయుపాటామార్కా అనే చోటి నుంచి విన్యాయ్ వాయ్నా అనే ఆఖరి మజిలీ దాకా దాదాపు వెయ్యి మీటర్లు దిగాలి, ఎక్కువ భాగం రాతి మెట్లే, ఒక మెట్టు జానెడు, ఇంకో మెట్టు మూరెడు. చేతికర్రలు రెండు కొనుక్కోండి, వాటి మొనకి రబ్బరు తొడుగు ఉండాలి. ఉత్త ఇనప మొనతో అనుమతించరు, పాత రాళ్ళు చెడిపోతాయని.

మీరు అడగడానికి మొహమాటపడి ఉంటారు, నేనే చెబుతాను. మజిలీల్లో ఉండే మరుగుదొడ్లు గొంతుక్కూర్చునేవే. మా గ్రూపులో తెల్లవాళ్ళు వాటిని తలుచుకుని దిగాలుపడ్డారు. మనకి ఇబ్బంది లేదు, టార్చిలైటు, కాగితం, శానిటైజరు దగ్గరుంచుకుంటే చాలు.

ఇంత చదివాక కూడా గుండె దడదడలాడుతుంటే మీ అబ్బాయితో 104వ కిలోమీటరు దారి అని చెప్పండి. మాచు పిచ్చు వైపు వెళ్ళే రైలు ఆ చోట ఆగుతుంది. అక్కడ దిగి ఒక్క రోజులో విన్యాయ్ వాయ్నా మీదుగా మాచు పిచ్చు చేరవచ్చు. ఎక్కడమూ ఉంటుంది, పాత శిథిలాలూ ఉంటాయి, 4,200 మీటర్ల కనుమ మాత్రం ఉండదు. గుడారాల్లో పడుకోనక్కర్లేదు. దానికీ పర్మిట్, గైడు తప్పనిసరి. మీ అబ్బాయికి నాలుగు రోజుల సరదా ఉంటే వాడిని వెళ్ళనిచ్చి, చివర్లో మీరు కలవచ్చు.

నాకు 26. హాఫ్ మారథాన్లు పరిగెత్తుతాను. సెలవు ఆరు రోజులే. పొద్దున్న కుస్కోలో దిగి మర్నాడే ట్రెక్ మొదలుపెడితే సరిపోతుంది కదా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వరంగల్ (ప్రస్తుతం న్యూజెర్సీ)

సరిపోదు బాబూ.

కుస్కో 3,400 మీటర్ల మీద ఉంది, దాదాపు లేహ్ అంత. పరుగు పందేల్లో వచ్చిన దమ్ము ఎత్తు జబ్బుని ఆపదు. పైగా దమ్మున్నవాళ్ళే తొందరగా ఎక్కి తొందరగా పడిపోతారు. మాతో వచ్చిన ఒక ముప్పై ఏళ్ళ కుర్రాడు సైకిల్ పందేలు తొక్కేవాడు. నీలాగే దిగిన మర్నాడు బయల్దేరాడు. మొదటి రోజంతా అందరికన్నా ముందు. రెండో రోజు పొద్దున్న టీ కూడా కడుపులో నిలవలేదు. కనుమ దాటితే మళ్ళీ వెనక్కి రావడం కష్టమని, అక్కణ్ణుంచే ఒక కూలీని తోడిచ్చి కిందికి పంపేశారు. డబ్బు వెనక్కి రాలేదు. ఆ పిల్లాడి మొహం చూస్తే నాకు పరీక్ష హాల్లోంచి బయటికి పంపిన పిల్లలు గుర్తొచ్చారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను, ఆ మొహాలు ఎక్కడున్నా పట్టేస్తాను.

మూడు రోజులు ముందే చేరుకో. కుస్కోలో కన్నా ఒయాంతాయ్‌తాంబో లాంటి లోయ ఊళ్ళో ఉంటే ఇంకా మంచిది, అది 2,800 మీటర్లకి లోపే. మొదటి రెండు రోజులు మద్యం ముట్టకు, నీళ్ళు బాగా తాగు. తలనొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా దాచుకోకుండా గైడుకి చెప్పు. దానికి మందు కిందికి దిగడమే.

ఇంకొకటి. విమానాశ్రయంలో, హోటల్లో ఎక్కడ చూసినా కోకా ఆకులు, కోకా టీ పెడతారు. అక్కడది చట్టబద్ధం, వాళ్ళకి తమలపాకంత మామూలు. నేనూ తాగాను, ఎండుగడ్డి కాచినట్టుంది. కానీ ఆ ఒక్క కప్పు తర్వాత చేసే మూత్ర పరీక్షలో కొకైన్ జాడ కనిపించవచ్చు. నీ కంపెనీలో డ్రగ్ టెస్టులు ఉంటే జోలికి పోకు. జ్ఞాపకంగా నాలుగు ఆకులు జేబులో వేసుకుని అమెరికాకి గానీ ఇండియాకి గానీ తీసుకురావడం నేరం.

మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. కొండల్లో నాలుగు రోజులు ఏం తిని బతకాలి? ఇక్కణ్ణుంచి పచ్చళ్ళు పట్టుకెళ్ళనిస్తారా?
– ఒక దంపతులు, విజయవాడ

బతకడం కాదండీ, బరువు పెరిగి వస్తారు. ఆలుగడ్డ పుట్టిల్లు ఆ కొండలే. మన బజార్లో ఎర్రగా కొన్ని, తెల్లగా కొన్ని, అంతే కదా. కుస్కో సంతలో ఊదారంగువి, నల్లటివి, వేళ్ళలా వంకర్లు తిరిగినవి, లోపల గులాబీ చారలున్నవి కుప్పలు పోసి అమ్ముతారు. వాటితోపాటు చూన్యో అని బూడిదరంగు గులకరాళ్ళలాంటివి కనిపిస్తాయి. నేను రాళ్ళే అనుకున్నాను. అవీ ఆలుగడ్డలే. రాత్రి మంచులో ఆరబెడితే గడ్డకడతాయి, పగలు ఎండలో కరుగుతాయి, అప్పుడు కాళ్ళతో తొక్కి నీరు పిండేస్తారు. ఇలా కొన్నాళ్ళు చేస్తే ఎండిపోయి ఏళ్ళ తరబడి నిల్వ ఉంటాయి. మా అమ్మ డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టి కాకులకి కాపలా కూర్చోబెట్టేది మమ్మల్ని. చూన్యో చేసే అమ్మమ్మలు ఆ కొండల మీద ఎవరిని కాపలా పెడతారో!

మా వంటవాళ్ళు ఒక గుడారంలో గ్యాసు పొయ్యి మీద పన్నెండు మందికి మూడు పూటలా వండారు. కీన్వా అనే చిన్న గింజల సూపు, అన్నం, చిక్కుడు గింజలు, బొటనవేలంత గింజలున్న మొక్కజొన్న కండెలు. మూడో రోజు సాయంత్రం పొయ్యి మీదే ఆవిరితో కేకు చేశారు, ఎలా చేశారో వంటగుడారంలో తొంగి చూసినా అంతు పట్టలేదు. బుక్ చేసేటప్పుడే "మాంసం, చేప, కోడి, గుడ్డు, మాంసం ఉడికించిన నీళ్ళు, ఏవీ వద్దు" అని ఒక్కొక్కటీ పేరుపెట్టి రాయండి. ఉత్తి వెజిటేరియన్ అని రాస్తే చాలదు. కుస్కోలో ఒక హోటల్లో అలా చెబితే నాకు కోడి నీళ్ళతో చేసిన సూపు తెచ్చి, "ముక్కలు తీసేశాం" అన్నారు.

పచ్చళ్ళ సంగతి. విత్తనాలు, పచ్చి పళ్ళు, కూరగాయలు సరిహద్దుల్లో ఆపేస్తారు, అవి వద్దు. నేను బాగా సీలు చేసిన కందిపొడి, కారప్పొడి, నువ్వుండలు తీసుకెళ్ళి ఫారంలో రాసి చూపించాను, ఏమీ అనలేదు. నూనె పచ్చళ్ళు ఎత్తుకి వెళ్ళేసరికి సీసా మూతల్లోంచి పొంగి బట్టలు పాడవుతాయి, నా మాట వినండి. కారప్పొడి వంటాయనకి రుచి చూపిస్తే తలూపి, లోపలికెళ్ళి రొకోతో అనే లావు మిరపకాయ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. గుంటూరు కోడల్ని, ఇదెంత అనుకుని కొరికాను. గ్లాసుడు నీళ్ళు తాగాల్సి వచ్చింది. అసలు మిరపకాయ మనదా? అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చిందే కదా. పుట్టింటివాళ్ళ ముందు గొప్పలు పోయినట్టయింది నా పని.

మన సామాను ఇంకో మనిషి నెత్తిన పెట్టి మనం కర్రలూపుకుంటూ నడవడం నాకు తప్పుగా అనిపిస్తుంది. మీకు అనిపించలేదా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

అనిపించింది తల్లీ. ఇప్పటికీ కొంత అనిపిస్తుంది.

మా పన్నెండు మందికి వంటవాళ్ళూ కూలీలూ కలిపి పద్దెనిమిది మంది. దాదాపు అందరూ కెచువా మాట్లాడే కొండ ఊళ్ళవాళ్ళు, ఇంటి దగ్గర ఆలుగడ్డలు పండించుకుంటారు. గుడారాలు, గ్యాసు బండ, బల్లలు, కుర్చీలు, మన బట్టల సంచులు, అన్నీ వాళ్ళ వీపు మీదే. మేం పొద్దున్న గుడారంలోంచి బయటికి వస్తే వాళ్ళు మొత్తం పీకి మడతపెట్టి, మమ్మల్ని దాటుకుని పరిగెత్తి, మేం చేరేసరికి మళ్ళీ పాతి ఉంచేవారు. గుమ్మంలో ఒక్కొక్కరికీ చిన్న ప్లాస్టిక్ బేసినులో వేడినీళ్ళు, సబ్బు. చాలామంది కాళ్ళకి పాత టైరుతో చేసిన చెప్పులు. నా కాళ్ళకి పన్నెండు వేల రూపాయల బూట్లు. ఆ బేసిను ముందు కూర్చుని నేను మొహం కడుక్కోవడానికి ఆలస్యం చేసేదాన్ని, నీళ్ళు తెచ్చినతను వెళ్ళిపోయాక కడుక్కుందామని.

ఒకప్పుడు పరిస్థితి ఘోరంగా ఉండేది, ఎంత బరువైనా ఎత్తేవారు. 2001లో కూలీల చట్టం వచ్చింది, 20 కిలోలకి మించకూడదన్నారు. 82వ కిలోమీటరు దగ్గర చెక్‌పోస్టులో ఒక్కొక్క మూటనీ కాటా వేస్తారు. నేను అక్కడ నిలబడి చూశాను. ఒకతని మూట ముల్లు గీత దాటింది. అతను గబగబా విప్పి ఒక గిన్నెల సంచి తీసి పక్కవాడికిచ్చాడు. మళ్ళీ కాటా. ఈసారి సరిపోయింది. గేటు దాటాక ఆ సంచి మళ్ళీ ఎవరి వీపు మీదికి చేరిందో నేను చూడలేదు, చూడలేదనే చెబుతున్నాను.

నువ్వు చెయ్యగలిగింది బుక్ చేసేటప్పుడే ఉంది. అన్నిటికన్నా చౌకగా ఇచ్చే ఏజెన్సీని వదిలెయ్. పర్మిట్ రుసుమూ రైలు టికెట్టూ ఏ ఏజెన్సీకైనా దాదాపు ఒకటే, కాబట్టి ఆ తగ్గింపు కూలీల జీతంలోంచో, వాళ్ళ తిండిలోంచో, పడుకునే గుడారంలోంచో వస్తుంది. కూలీలకి రోజుకెంత ఇస్తారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు అని మెయిల్లో అడుగు. సూటిగా జవాబు రాసినవాళ్ళతో వెళ్ళు. నీ సంచి ఏడు కిలోలు దాటనీకు. ఆఖరి రాత్రి ఇచ్చే బక్షీసు వాళ్ళ చేతికే, వాళ్ళ డబ్బులోనే, చిన్న నోట్లలో ఇవ్వు.

దారిలో వెనక నుంచి "పోర్టర్!" అని కేక వినిపిస్తే పక్కకి తప్పుకోవాలి. ఎప్పుడూ కొండ వైపుకే తప్పుకో, లోయ వైపుకి కాదు. మూట తగిలితే నువ్వు ఆగవు.

అందరికన్నా వెనక నడిచినందుకు నాకు దక్కిన లాభం ఒకటుంది. కనుమ కింద ఒకచోట కూలీలు కూడా ఆగి దమ్ము పీల్చుకుంటారు. అక్కడ నా పక్కనే కూర్చున్న ఒక పెద్దాయన నా వయసు ఎంతని వేళ్ళతో అడిగాడు. ఆరు పదులు చూపించాను. ఆయన ఐదు పదులు, మళ్ళీ నాలుగు వేళ్ళు చూపించి, తన మూట మీద చెయ్యేసి, నా మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించి నవ్వాడు. ఏమన్నాడో చిన్న గైడు తర్జుమా చేశాడు: "నా వీపు, మీ మోకాళ్ళు, రెండూ రిటైర్ అవ్వాలి."

వీసా, పర్మిట్, టీకాల వివరాలు చెప్పండి. ఎంత ఖర్చవుతుంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

ఈ దారిలో ఒంటరిగా వెళ్ళడానికి వీల్లేదు, లైసెన్సున్న ఏజెన్సీ ద్వారానే పర్మిట్ వస్తుంది. రోజుకి 500 మందికే అనుమతి, అందులో గైడ్లు, కూలీలు పోగా యాత్రికులకి మిగిలేవి సుమారు 200. మే నుంచి ఆగస్టు దాకా వానలు తక్కువ, అందుకే ఆ నెలలవి ముందు అయిపోతాయి, ఆరేడు నెలల ముందే తీసుకోండి. ఫిబ్రవరిలో మరమ్మతులకి దారి మూసేస్తారు. పర్మిట్ దొరకకపోతే సల్కంతాయ్ అని ఇంకో కొండదారి ఉంది, దానికి ఈ పరిమితి లేదు, కానీ దాని కనుమ 4,600 మీటర్లు. మా నాలుగు రోజులకి 2023లో మనిషికి 750 డాలర్లయింది, విమానం టికెట్లు కాకుండా.

పర్మిట్ మీ పాస్‌పోర్టు నంబరు మీద వస్తుంది, ఇంకొకరికి మార్చడం కుదరదు. మధ్యలో పాస్‌పోర్టు మారిస్తే ఏజెన్సీకి చెప్పి, పాతది కూడా వెంట పెట్టుకోండి. మన తెలుగువాళ్ళ తంటా ఇంటిపేరు. మా ఏజెంటు నా ఇంటిపేరుని అసలు పేరుగా, అసలు పేరుని తండ్రి పేరుగా రాసేశాడు. చెక్‌పోస్టులో ఆఫీసరు కాగితం, పాస్‌పోర్టు, నా మొహం మార్చి మార్చి చూస్తూ ఇరవై నిమిషాలు నిలబెట్టాడు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏ పేరుందో ఆ గడిలో అదే రాయించండి.

భారతీయులకి పెరూ వీసా కావాలి. కనీసం ఆరు నెలల గడువున్న అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఏదైనా ఉంటే అక్కర్లేదు. నాకు అమెరికా వీసా ఉండటంతో ఆ బాధ తప్పింది. బయల్దేరే ముందు ఎంబసీ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి, నిబంధనలు మారుతుంటాయి.

ఎల్లో ఫీవర్ టీకా చాలామంది మరిచిపోతారు. అది పెరూ కోసం అనుకుంటారు, నిజానికి మన దేశంలోకి తిరిగి రావడానికి కావాలి. పెరూ నుంచి వచ్చేవాళ్ళ దగ్గర ఆ కార్డు లేకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ కార్డు చెల్లదు. హైదరాబాద్ నారాయణగూడలో ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. 60 దాటినవాళ్ళకి ఆ టీకాతో ప్రమాదం కాస్త ఎక్కువ, కాబట్టి డాక్టరుతో మాట్లాడాకే.

మాచు పిచ్చుని అమెరికా ప్రొఫెసర్ బింగమ్ కనిపెట్టాడంటారు. నిజమేనా? అసలు మన హంపి ఉండగా అంత దూరం వెళ్ళి చూసేదేముంది?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు

మాస్టారూ, మీ రెండో ప్రశ్నలో ఉన్న పొడుపు నాకు నచ్చింది.

హైరమ్ బింగమ్ అక్కడికి చేరింది 1911 జూలై 24న. దారి చూపించినవాడు మెల్చోర్ ఆర్తేగా అనే స్థానిక రైతు. పైకి వెళ్ళేసరికి ఆ పాత మడుల్లో రైతు కుటుంబాలు మొక్కజొన్న వేసుకుంటున్నాయి, శిథిలాలు చూపించింది వాళ్ళ పిల్లాడు. ఒక గోడ మీద అగుస్తీన్ లిజారాగా అనే కుస్కో ప్రాంతపు మనిషి 1902లోనే బొగ్గుతో తన పేరు రాసి పెట్టి ఉన్నాడు. పంట పండుతున్న చోటుని కనిపెట్టడమేమిటి? బింగమ్ చేసింది లోకానికి చాటడం. తవ్వకాల్లో దొరికిన వస్తువుల్ని యేల్ విశ్వవిద్యాలయానికి పట్టుకెళ్ళాడు కూడా. నూరేళ్ళు అడగ్గా అడగ్గా 2011, 2012ల్లో తిరిగి వచ్చాయి.

హంపితో పోటీ ఎందుకు గానీ, పోలిక బావుంది. 2021లో ప్రచురించిన కార్బన్ పరీక్షల ప్రకారం మాచు పిచ్చులో జనం సుమారు 1420 నుంచే ఉన్నారు. అంటే శ్రీనాథుడికి కనకాభిషేకం చేశాడని మనం చెప్పుకునే రెండో దేవరాయలు హంపిలో ఏలుతున్న కాలానికి దగ్గరలో, అక్కడ ఇనుము లేకుండా, చక్రం లేకుండా, రాత లేకుండా రాయిని రాయితో చెక్కి సున్నం అక్కర్లేని గోడలు కట్టుకుంటున్నారు. లెక్కలు దారాలకి ముళ్ళేసి రాసుకునేవారు. గుమ్మాలు కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటాయి, భూకంపాల దేశం కాబట్టి.

నాకు గోడల కన్నా నీళ్ళు నచ్చాయి. నేను వెళ్ళిన రోజు మధ్యాహ్నం అరగంట వాన దంచింది. వాన వెలిసి పది నిమిషాలకి మెట్ల మడుల్లో చెప్పు మునిగే మడుగు ఒక్కటి లేదు. మడి కింద పెద్ద రాళ్ళు, వాటి మీద కంకర, ఆ పైన ఇసుక, పైన మట్టి పరిచారట. కట్టడంలో సగానికి పైగా పని కంటికి కనిపించకుండా నేలలోనే ఉందని నీటి ఇంజనీర్లు చెబుతారు. ఊట నీరు కాలువలో వచ్చి ఒకదాని కింద ఒకటిగా పదహారు తొట్లలోంచి దిగుతుంది, మొదటి తొట్టి రాజు గారి ఇంటి పక్కన. మా వీధిలో కార్పొరేషను వాళ్ళు నిరుడు వేసిన సిమెంటు రోడ్డు మీద మాత్రం వాన పడిన మూడో రోజుకి కూడా పిల్లలు పడవలు వదులుతున్నారు.

ఇంకో మాట, మీరు అడక్కపోయినా. ఇంకాలకి నది పక్కనుంచి ఇంతకన్నా తేలికైన దారి ఉండేది. ఈ కనుమల మీది దారి యాత్ర కోసం కట్టుకున్నదని కొందరు పండితులు అంటారు. అలిపిరిలో బస్సు ఉండగా మెట్లెక్కేవాళ్ళని చూశాక నాకది నమ్మబుద్ధి అయింది.

సూర్యద్వారం నుంచి మాచు పిచ్చు మీద సూర్యోదయం చూడటం నా చిరకాల కోరిక. ఫొటోల్లో ఉన్నట్టే ఉంటుందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

చెబితే నిరాశపడతావేమో.

ఆఖరి రోజు మూడున్నరకే లేపారు. కూలీలు తెల్లవారుజాము రైలు అందుకోవాలి, అందుకే అంత తొందర. చెక్‌పోస్టు గేటు తీసేది ఐదున్నరకి. రెండు గంటలు చీకట్లో బల్ల మీద వరసగా కూర్చున్నాం, తలలకి లైట్లు కట్టుకుని, గనిలోకి దిగబోయే సింగరేణి వాళ్ళలా. గేటు తియ్యగానే అందరూ పరుగు. నేనూ చిన్న గైడూ మిగిలాం. చివర్లో చేతులు కూడా వాడి ఎక్కాల్సిన నిలువు మెట్లు ఉన్నాయి, అవి ఎక్కి సూర్యద్వారం చేరేసరికి ఏడున్నర. కెచువాలో ఇంతిపుంకు అంటారు, ఇంతి అంటే సూర్యుడు. మనకి ఇంతి అంటే ఆడది కదా. వెళ్ళేటప్పుడు గైడుకి అది చెప్పి, అయితే ఇది నా గుమ్మమే అన్నాను. చాలా నవ్వాడు.

అవతల ఏమీ లేదు. తెల్లగా, దూది పరిచినట్టు పొగమంచు. ఊరు లేదు, కొండ లేదు, ముందు వచ్చినవాళ్ళందరూ అరగంట చూసి విసిగి దిగిపోయారు. మేమిద్దరం ఒక రాతి గోడకి ఆనుకుని కూర్చున్నాం. సంచి అడుగున ఆఖరి నువ్వుండలు మూడు మిగిలాయి. ఇదేమిటని అడిగాడు. నువ్వులు, బెల్లం అని ఎలా చెప్పాలో తెలియక తినమన్నాను. ఒకటి తిని, వేలితో రెండోది చూపించి అడిగి మరీ తిన్నాడు. మూడోది నేను తిన్నాను. పొగమంచు మాత్రం కదల్లేదు. "ఇంకా దారి ఎంత?" అన్నాను. గంటలోపే అన్నాడు. లేచాం.